మబ్రూకా ఇచ్చిన పాలు

చిరంజీవి అర్షద్‌కు,

నీ నాయన ఖాజావలి సలాం చెప్పి, దీవించి రాసేది. ఇక్కడ మేము ముగ్గురమూ కులాసా. ముగ్గురము అని రాస్తుంటే ఎంత సంతోషంగా ఉందో ఏమని చెప్పను. ఈ ఊళ్లో ఇన్నేళ్లూ ఒక్కణ్ణే ఉన్నానని రాసేవాణ్ణి. నీ భార్య ఇక్కడి ఆసుపత్రిలో నర్సుగా చేరాక ఇద్దరమని రాశాను. ఇప్పుడు నా మనవడు నా మోకాలి పక్కన, రెండు పిడికిళ్లూ బిగించి, ఎవరితోనో తగాదా పెట్టుకున్నట్టు నిద్రపోతున్నాడు. అచ్చం నీ మాదిరే. ముసలితనంలో ఇంత సంతోషం ఇచ్చిన అల్లాకు ఎన్నిసార్లు మొక్కినా తక్కువే.

ఫోన్లో మాట్లాడితే ఇద్దరమూ అరుచుకుంటామని నువ్వు ముస్తాక్ లారీలో చీటీ పంపడం మంచి పని. అతను రేపు మళ్లీ రియాద్ వస్తున్నాడు, జవాబు అతని చేతికే ఇస్తున్నాను. నువ్వు పంపిన చొక్కాలు అందాయి. చాలా బాగున్నాయి. వీడు బడికి పోయేటప్పటికి సరిపోతాయి.

నువ్వు అడిగినవి ఒక్కొక్కటే చెబుతాను. తరన్నుమ్‌కు జ్వరం పూర్తిగా పోయింది. ఖమీస్ ముషైత్ పెద్దాసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచీ తనే బిడ్డకు పాలిస్తోంది. నేను నూరిన చెనిక్కాయల ఊరిబిండి పెడితే, బాలింతకు ఇంత కారం పెడతావా మామా అని కసిరింది. కసురుతోంది కాబట్టి బాగున్నట్టే. పిల్లవాడికి వాంతులు ఆగిపోయాయి. బుగ్గలు వస్తున్నాయి.

ఇక, "ఆ నల్లామె ఎవరు, ఆమెను ఎందుకు పిలిచారు" అని రాశావు. దీనికి జవాబు కొంచెం పొడుగు. ఓపిగ్గా చదువు.

ఆమె పేరు మబ్రూకా. ఈ ఊళ్లో పుట్టిన సౌదీ ఆమె. నా పంక్చర్ అంగడికి ఎదురు వీధిలో ఇల్లు. భర్త జాబిర్ ఆడపిల్లల బడికి వాచ్‌మన్. ఆరుగురు పిల్లలు, చిన్నది ఇంకా చంకలోనే ఉంది. ఆడవాళ్లు బండి నడపొచ్చని ఇక్కడి సర్కారు చెప్పగానే లైసెన్సు తీసుకుని ఒక పాత పికప్ కొనింది. ఆ బండి టైర్లు విప్పుతూ బిగిస్తూనే నాకు ఆమె సంగతులన్నీ తెలిసినాయి. కిడ్నీలు పాడైన ముసలి ఆడవాళ్లను ఆ బండిలోనే ఘాట్ ఎక్కించి ఖమీస్‌లో డయాలసిస్‌కు తీసుకుపోతుంది. దారి పొడుగునా వాళ్లను తిడుతూనే ఉంటుందట, నీళ్లు ఎక్కువ తాగారని. ఊళ్లో ఆడమనిషి చనిపోతే శవానికి స్నానం చేయించేది ఆమే. పోయినేడు వాగు పొంగి కింది వీధి మునిగితే, మగపిల్లల బడి తాళం పగలగొట్టించి జనాన్ని లోపల పెట్టింది. వాన తగ్గినాక మున్సిపాలిటీ మనిషి వచ్చి, తాళం ఎవరు పగలగొట్టారని అడిగాడు. నేనే పగలగొట్టినా, కొత్తది కూడా నేనే కొన్నా, నీ మురుగు మోరీ ఎప్పుడు బాగు చేస్తావో అది చెప్పు అందట. మోరీ బాగైంది. నన్ను కూడా వదలదు. "ఖాజా, ఈ టైరు నీకన్నా ముసలిది, దీనికింత అడుగుతావా" అంటుంది.

ఇంత చేస్తుందా, ఊళ్లో పెళ్లిళ్లయితే ఆమెకు వంటల దగ్గరే చోటు. వాళ్ల పిల్లను అడిగేవాళ్లు గాని, వాళ్లకు పిల్లనిచ్చేవాళ్లు గాని ఇక్కడ లేరు. ఎవరూ తిట్టరు. అందరూ మర్యాదగానే మాట్లాడతారు. ఆ మర్యాద మాటలతోనే ఆగిపోతుంది.

తరన్నుమ్‌ను అంబులెన్సులో తీసుకుపోయిన మరునాటి పొద్దున డబ్బా పాలు ఎన్నిసార్లు పట్టినా బిడ్డ కక్కేశాడు. డాక్టరు వేరే డబ్బా రాసిచ్చాడు. అది ఈ ఊరి మందుల షాపులో లేదు, ముస్తాక్ ఖమీస్ నుంచి తేవాలి. ఏడ్చి ఏడ్చి బిడ్డ గొంతు పోయింది. నేను ఎవరినీ పిలవలేదు అర్షద్. అంగడి తెరవలేదని చూసి ఆమే వచ్చింది. తరన్నుమ్‌కు ఫోన్ చేసి, పాలివ్వమంటావా అని అడిగి, ఆమె సరేనన్నాకే బిడ్డను తీసుకుంది. తన ఇంటికి తీసుకుపోయి, నన్ను బయటి గదిలో జాబిర్ దగ్గర కూర్చోబెట్టింది. సాయంత్రం ముస్తాక్ డబ్బా తెచ్చేలోగా నాలుగుసార్లు కడుపు నిండా పాలిచ్చింది. బిడ్డ ఒక్క చుక్క కూడా కక్కలేదు.

డబ్బా రాగానే బిడ్డను తెచ్చి నాకిచ్చి, మబ్రూకా ఒక మాట చెప్పింది.

"నాలుగైనాయి ఖాజా. మా షరియత్ లెక్కలో ఐదుసార్లు తాగితేనే నా బిడ్డ అవుతాడు. నాలుగుతో ఇంకా ఇరుగింటి పిల్లోడే. ఐదోది మీరు అడిగితే ఇస్తా. అడగకపోయినా నాకేం కోపం లేదు."

మన ప్రొద్దుటూరు మసీదు హజరత్ ఒక్క గుటక తాగినా తల్లే అంటాడని చెప్పాను. అది మీ ఊరి మాట, నా లెక్క నేను చెప్పాల గదా అని లోపలికి పోయింది.

అంత గట్టి లెక్క ఎందుకని జాబిర్‌ను అడిగాను. చాయ్ పోస్తూ మామూలుగానే చెప్పాడు. ఈ దేశంలో మనుషుల్ని కొనడం అమ్మడం ఆగక ముందు, మబ్రూకా అవ్వ ఒక పెద్దింట్లో కొన్న మనిషి. ఆ ఇంటి పిల్లలు ముగ్గురికి పాలిచ్చింది. షరియత్ ప్రకారం ఆమె వాళ్లకు తల్లి. వాళ్లు పెరిగి పెద్దవాళ్లయ్యారు. ఒక్కరూ అమ్మా అని పిలవలేదు. ఆమె చనిపోయినప్పుడు ముగ్గురూ ఇదే ఊళ్లో ఉన్నారు, జనాజాకు రాలేదు. మబ్రూకా అప్పుడు చిన్నపిల్ల. ఎవరైనా వస్తారేమోనని వాకిట్లో నిలబడి చూసిందట. చాయ్‌లో చక్కెర సరిపోయిందా అని అడిగాడు జాబిర్. సరిపోయిందన్నాను.

ఈ నాలుగు లెక్క ఫోన్లో విన్నావు గదా, నీ చీటీలో చివర ఉన్నది ప్రశ్న కాదు, హుకుం. నాలుగుతో ఆపండి, ఐదోది వద్దు, రేపు వాళ్లంతా మా బంధువులంటే అమ్మకు ఏం చెప్పాలి, రూములో వాళ్లు నవ్వుతారు అని రాశావు. ఈ దేశంలో ఉన్నాం కాబట్టి ఈ దేశం లెక్కే అని కూడా రాశావు. నమాజు మన ఊరి మాదిరి చదివేవాడివి, ఈ ఒక్కదానికి ఇక్కడి లెక్క ఎట్లా పట్టుకున్నావు నాయనా?

ఆ చీటీ తరన్నుమ్ కూడా చదివింది. మడిచి నా చేతికిచ్చి, చాలాసేపు బిడ్డ గుడ్డలు మడత పెడుతూ కూర్చుంది.

ఇప్పుడు అసలు సంగతి రాస్తున్నాను. ఇంతసేపూ రాయడానికి జంకినాను. మొన్న శుక్రవారం జుమా నమాజు చదివి ఇంటికి వచ్చేసరికి తరన్నుమ్ బిడ్డను చుట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది. పద మామా అంది. విడిచిన చెప్పులు మళ్లీ తొడుక్కున్నాను.

మమ్మల్ని చూసి మబ్రూకా, మళ్లీ వాంతులా అని కంగారు పడింది.

"కాదు. నా పాలు చాలుతున్నాయి. ఐదోది ఇయ్యమని అడిగేదానికి వచ్చినా" అంది తరన్నుమ్.

మబ్రూకా చేతులు చాపలేదు. బిడ్డ తండ్రి ఒప్పుకున్నాడా అని అడిగింది. తరన్నుమ్ నా వైపు చూసింది. నాకు అబద్ధం చెప్పేదానికి నోరు రాలేదు. "వాడు వద్దన్నాడు. కన్నతల్లి అడుగుతోంది. ఆ తండ్రికి తండ్రిని, నేను కూడా అడుగుతున్నా" అన్నాను.

"వాడు రేపు వచ్చి కాదంటే?"

"తాగినాక కాదనేదానికి ఏముంది?" అంది తరన్నుమ్.

అప్పుడు బిడ్డను తీసుకుని ఇద్దరూ లోపలికి పోయారు. నేనూ జాబిరూ బయటి గదిలో కూర్చున్నాం. లోపల పిల్లలు, తమ్ముణ్ణి ముందు ఎవరు ఎత్తుకోవాలని కొట్లాడుకుంటున్నారు. కాసేపటికి మబ్రూకా తలుపు దగ్గరికి వచ్చి "ఐదు" అంది. నవ్వలేదు, ఏడవలేదు. నేనే ఏడ్చాను. అంత సంతోషం నీ పెళ్లిలో కూడా పడలేదు నాయనా, ఉన్నమాట చెబుతున్నాను.

నీకు కోపం వస్తుంది. నా మీద పడు, తరన్నుమ్‌ను ఒక్క మాట అనవద్దు. మీ అమ్మకు ఏం చెప్పాలనే దిగులు నీకు వద్దు, రహమత్బీకి నేనే ఫోన్ చేసి చెప్పాను. "ఆమె బిడ్డకు పాలు తక్కువ కాలేదు గదా" అని అడిగింది. లేదన్నాను. సరేనని, ఇక్కడ వాన పడిందా అని అడిగింది.

ఇంకొక్కటి రాసి ముగిస్తాను. పాలిచ్చినామె తల్లయితే, ఆమె భర్త కూడా బిడ్డకు నాయనే అవుతాడు, అది నీకూ తెలుసు. కాబట్టి నీ కొడుక్కి ఇప్పుడు ఇద్దరు నాయనలు. నిన్న సాయంత్రం రెండో నాయన బడి గేటు వేసి, నేరుగా నా అంగడికి వచ్చాడు. బిడ్డను అరగంట ఎత్తుకుని తిప్పాడు. ఇంటికి పోతూ, మొదటి నాయన ఎప్పుడొస్తాడని అడిగాడు.

ఏం చెప్పమంటావు?

ఇట్లు
నీ నాయన, నీ కొడుక్కి జేజినాయన
ఖాజావలి