అమ్మ కాలి మీద మళ్లీ కత్తి పెట్టొద్దని

ధర్మాసుపత్రి సూపరింటెండెంటు గారికి, విశాఖపట్నం.

విషయం: మా అమ్మ అసిరమ్మ కుడికాలు సోమవారం తీసేయకుండా ఆపించుట గురించి.

అయ్యా,

మానుతున్న పుండును తమ ఆపరేషన్ల డాక్టరు శ్రీరామ్మూర్తి గారు కోసి పెద్దది చేశారు. ఇదీ అన్యాయం, ఇదీ చేసినవారి పేరు. యారాడ కాపురస్థుడు దుర్గారావు విన్నవించుకొనునది:

1. సదరు పుండు కుళ్లు కాదు. ఒంటిని కాపాడవలసిన శక్తే తిరగబడి సొంత చర్మాన్ని తినే జబ్బు. తమ చర్మవ్యాధుల డాక్టరమ్మ గౌరీశ్వరి గారే చెప్పారు. ఆ శక్తిని అణచడానికి సైక్లోస్పోరిన్ మింగించి, పైన టాక్రోలిమస్ పూత రాయించారు. రెండూ కలిస్తేనే పని చేస్తాయన్నారు. అరచేయంత పుండు రూపాయి బిళ్లంత అయింది. కత్తి తగిలితే పెరుగుతుందని ఆవిడ అందరికీ చెప్పే వెళ్లారు.

2. ఆవిడ సెలవు మీద వెళ్లగానే పూతమందు లేదన్నారు. మింగే మందూ ఆపేశారు. చచ్చిన కండ తీస్తే మానుతుందని కోశారు. పెరిగింది. మళ్లీ కోశారు. ఇప్పుడు ఎముక కనిపిస్తోంది, కాలే తీసేద్దామంటున్నారు. కత్తి వారిది, కాలు మాది!

3. రోగి ఒప్పుకొని వేలిముద్ర వేసిందని తమవారి వాదన. నిజమే. మా అమ్మ వలలు బాగుచేస్తుంది. చిరిగిన వలను మంచి ముడి తగిలేదాకా కోసి, అక్కణ్ణించి కొత్త కన్నులు అల్లుతారు. నేను వద్దని అరిస్తే, "నోర్ముయ్యరా. సిరిగిన కన్ను కొయ్యకుండా వల కడతారేటి? డాట్రుబాబు మంచి ముడి కోసం ఎతుకుతన్నాడు" అంది. అయ్యా, ఆ వేలిముద్ర ఆమె వలకు వేసింది.

కావున గౌరీశ్వరి గారిని పిలిపించి, ఆవిడ చూసేవరకు కత్తి ఆపించి, రెండు మందులూ కలిపి మళ్లీ మొదలుపెట్టించ ప్రార్థన. నేను చదివిన పోరాటాల కరపత్రాల్లో ప్రార్థన అన్న మాట లేదు. అయినా రాస్తున్నాను, చిత్తగించవలెను.

తమ విధేయుడు, సోమవారం పొద్దుటి వరకు,
దుర్గారావు

మరో మనవి: వల అల్లేటప్పుడు అమ్మ దాన్ని కుడికాలి బొటనవేలికి తగిలించి బిగించి పట్టుకుంటుంది. నిన్న వెళ్లేసరికి మంచం మీద దోమతెర చిరుగును ఎడమకాలి బొటనవేలికి తగిలించుకుంటోంది.

"ఏటమ్మా సేత్తన్నావు?"

"అలవాటు సేసుకోవాల గదరా."

తెర జారిపోయింది. మళ్లీ తగిలించింది. మళ్లీ జారింది.

సోమవారం పొద్దున్న ఆరింటికి యారాడ జనమంతా ఆపరేషన్ గది గుమ్మంలో కూడుతున్నాం. తమరూ రండి.