మగ్గం గుంట వాపు

బాపూ,

నువ్వు పోయి ఏడాదయింది. ఇప్పుడు అమ్మకూ కాళ్లు వాచాయి, పడుకుంటే ఆయాసం. "మగ్గం గుంటల కాళ్లు వేలాడేస్తే వాయవా? మీ బాపుకు గిట్లనే ఉండె" అంది. నీకప్పుడు మేమూ అదే అనుకున్నాం. ఈసారి మోత్కూరు దవాఖానకు తీసుకుపోయాను. గుండె బలహీనపడిందని, చక్కెర రోగమూ ఉందని చెప్పి, డాక్టరు ఉప్పు, బెల్లం రెండూ మానమన్నాడు.

"ఇగ యముడొచ్చినా మనింట్ల తినడు బిడ్డా" అని అమ్మ నవ్వింది. ఉప్పు మాత్రం మానలేదు.

ఈరోజు నీ సంవత్సరీకం. నీకిష్టమని చింతకాయ పులుసు వండింది. నీకు మోదుగ విస్తట్లో వడ్డించి, తను వేరే గిన్నెలోది పోసుకుంది. ఉప్పు వేయకముందే తీసిపెట్టుకుందట.

"మీ బాపును అక్కడ్నే నాకోసం జర ఆగుమను" అంది.

అందుకే రాస్తున్నాను.