పదకొండు తెరల గది ఎవరిదో బూరుల్‌కాన్ చెప్పి రాయించినది

బాలిక్చి పట్టణంలో పాత చేపల కార్ఖానా వీధిలో ఉండే బూరుల్‌కాన్ అనే నేను, వయసు డెబ్బై ఎనిమిది, కార్ఖానాలో ఎలక్ట్రీషియనుగా చేసి పోయినవారి భార్యను, ఎవరి బలవంతమూ లేకుండా, జ్వరం లేని రోజు చూసుకుని, రొట్టే టీ అయ్యాక కూర్చుని చెప్పి రాయిస్తున్న మరణశాసనం ఇది. నాకు చదువు రాదు. బడికి పోవలసిన ఏళ్ళలో గొర్రెల వెంట కొండెక్కాను. తెలివి మాత్రం స్థిమితంగానే ఉంది. అనుమానం ఉన్నవాళ్ళు వచ్చి నిన్న మా ఆటల గదిలో ఏ తెర ముందు ఎవడు కూర్చున్నాడో, ఎన్నిసార్లు ఓడాడో అడగవచ్చు. రాస్తున్నది పొరుగింటి వెనెరా, ఒకప్పటి పంతులమ్మ. నేను అన్నది అన్నట్టు రాయాలి. నా తిట్లు సరిదిద్దితే వేలిముద్ర వెయ్యనని ముందే చెప్పాను.

1. మూడేళ్ళ కిందట నేను రాయించిన వీలునామా రద్దు. అందులో తప్పు నాదే.

మా కోడళ్ళు అత్తింటివాళ్ళ పేర్లు పలకరు. పెద్దవాళ్ళవి బొత్తిగా పలకరు, చిన్నవాళ్ళకు తామే ఒక పేరు పెట్టుకుంటారు. నేను పందొమ్మిదేళ్ళకు ఈ ఇంటికి వచ్చేసరికి నా భర్త చెల్లెలికి పదకొండేళ్ళు. తెల్లగా, బక్కగా, ముక్కు కారుతూ తలుపు వెనక నిలబడింది. తెల్లపిల్లా అని పిలిచాను. మా భాషలో అక్‌కిజ్. యాభై తొమ్మిదేళ్ళుగా అదే పిలుపు. గది ఎవరికని నోటరీ అడిగితే అక్‌కిజ్‌కి అన్నాను. ఆయన అదే రాశాడు. ఆ పేరు గలవాళ్ళు ఉంటారు గనక ఆయనకు అనుమానం రాలేదు, చదవలేను గనక నాకు రాలేదు. మొన్న వసంతంలో నేను ఊపిరితిత్తుల జబ్బుతో ఆసుపత్రిలో ఉండగా తెల్లపిల్ల ఆ కాగితం చెల్లుతుందో లేదో అడగడానికి నోటరీ ఆఫీసుకు పోతే, ఆ పేరుతో మా ఇంట్లో మనిషే లేదన్నారు.

ఆ సంగతి మా బావగారి కొడుకు ఎర్మెక్ చెవిన పడింది. ఆపిల్ పళ్ళు పట్టుకుని నన్ను చూడటానికి వచ్చాడు. "పిన్నీ, గదిని నువ్వు లేని మనిషికి రాశావు. లేని మనిషి తర్వాత వరసలో ఉన్నవాణ్ణి నేనే," అన్నాడు. మాకు పిల్లలు లేరు గనక వంశంలో పెద్ద మగవాడు వాడే. నవ్వుతూనే అన్నాడు. పళ్ళు బాగున్నాయి.

ఇప్పటి నోటరీ ఏమందంటే, చదువురాని మనిషి పాస్‌పోర్టు చూపించి ఇదే అంటే చాలదట. వారసురాలి పేరు సాక్షులు వినేటట్టు తన నోటితో పలకాలట. ఆ పని చివర చేస్తాను. ముందు మిగతావి కానీ.

2. ఆస్తి: వీధి వైపు పెద్ద గది, ఒకప్పుడు చేపల కొట్టు, వాన పట్టిన రోజు ఇప్పటికీ ఆ వాసన వస్తుంది. దానిలో పదకొండు యంత్రాలు, తెరలు, కుర్చీలు, ఒక బొగ్గు పొయ్యి, టీ నీళ్ళు కాచే సమోవారు. వెనక చిన్న గది. ఆ చిన్న గదిలో తెల్లపిల్ల ఉంటుంది. మొగుడు పోయి ఈ ఇంటికి తిరిగొచ్చి ఇరవై రెండేళ్ళు, వేరే చోటు లేదు. నా భర్త ఈ ఆటల క్లబ్బు పెట్టి పదహారేళ్ళు, ఆయన పోయి తొమ్మిదేళ్ళు. అప్పటి నుంచి మేమిద్దరమే నడిపాం. తెర మీద రాతలు తను చదివి చెబుతుంది, మంచి ఆటో చెడ్డ ఆటో నేను చెబుతాను. ఎర్మెక్ ఈ గదిలో పందాల కొట్టు పెడతానంటున్నాడు. గది వాడి చేతికి పోతే డెబ్బై ఏళ్ళ మనిషి గాలిలో నిలబడాలి. ఈ ఊరి గాలి ఎలాంటిదో ఇక్కడివాళ్ళకు చెప్పనక్కర్లేదు.

గది ఆటల గదిగానే ఉండాలి. ఏ ఆట ఉండాలో, ఏది పోవాలో కింద చెబుతున్నాను. ఈ వీధి తల్లులు పిల్లల్ని పంపేముందు నన్నే అడిగేవారు, నేను పోయాక ఈ కాగితాన్ని అడగండి. ఆటల అసలు పేర్లు నాకు నోరు తిరగవు. అత్తింటివాళ్ళకు పెట్టినట్టే వాటికీ నేనే పేర్లు పెట్టాను. ఇప్పుడు ఊళ్ళో అందరూ ఆ పేర్లతోనే అడుగుతారు.

3. బాంబు పెట్టే ఆట. ఉండాలి. అయిదుగురు పెడతారు, అయిదుగురు తీస్తారు. ఊరు బాగా కట్టారు, మట్టిగోడలు, ఎండ. అయితే ఇన్నేళ్ళలో ఆ ఊళ్ళో ఒక్క పొయ్యి వెలగలేదు, ఒక్క తీగ మీద బట్టలు ఆరలేదు. ఎవరి కోసం కొట్టుకుంటున్నారో కట్టినవాళ్ళు ఆలోచించలేదు. నాకు నచ్చింది ఒకటే. చచ్చినవాడు వెంటనే లేచి పరుగెత్తడు. ఆ విడత ముగిసేదాకా చేతులు కట్టుకుని మిగిలినవాళ్ళను చూస్తూ కూర్చుంటాడు. నేనూ త్వరలో అలాగే కూర్చుంటానేమో.

4. మంత్రగాళ్ళ ఆట. అయిదుగురు ఒక పక్షం, గంటసేపు సాగుతుంది. ఒకడు తప్పు చేస్తే నలుగురూ కలిసి వాడి తల్లిని తిడతారు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్తిల్లు సరిగ్గా ఇలాగే ఉండేది. తెలివైన ఆట, కాదనను. ఎంచుకోవడానికి వందమంది మంత్రగాళ్ళు, ఏ ఒక్కడి విద్యా ఇంకొకడికి రాదు. కానీ గెలిచి లేచినవాడి ముఖంలో కూడా సంతోషం చూడలేదు. ఉంచవచ్చు. తల్లిని తిట్టినవాడు ఆ క్షణమే లేచి వీధిలోకి పోవాలన్న నియమం కూడా దానితో పాటే ఉంచాలి. ఎర్మెక్ కొడుకుని ఇందుకే రెండుసార్లు పంపాను, నాకు బాధ లేదు.

5. పెట్టెల ఆట. నలుచదరపు పెట్టెలు తవ్వి, పేర్చి ఇళ్ళు కడతారు. అన్నిటిలోకీ మంచిది. ఎవరినీ చంపకుండా సాయంత్రం దాకా ఆడవచ్చు. కొండ తవ్వితే దొరికే దాన్ని నేను గట్టిది అంటాను, అసలు మాట మా బావగారి పేరులో ఉంది. (గట్టిది అంటే రాయి, మా భాషలో తాష్. బావగారు తాష్తన్. ఇంట్లో ఉన్న ఆయన పాత పాస్‌పోర్టు చూసి రాశాను. — లేఖరి.) పిల్లలు కూడా "అవ్వా, గట్టిది అయిపోయింది" అంటారు, వాళ్ళకు దాని సంగతి తెలియదు. ఒక లోటు ఉంది. ఆ లోకంలో గుండ్రనిది కట్టలేరు. మా గుడారం కట్టబోయిన ప్రతివాడూ చివరికి కోట కట్టి లేచాడు.

6. కార్లు దొంగిలించే ఆట. మొదట తీసేయించాను. రోడ్డు మీద ముసలమ్మను గుద్ది నవ్వుతుంటే నాకేమనిపిస్తుంది? తర్వాత బస్సు డ్రైవరు కుబాత్ నన్ను బతిమాలాడు. రోజంతా బస్సు నడిపి వచ్చి, ఆ ఆటలో ఖాళీ కారెక్కి, ప్రతి ఎర్ర దీపం దగ్గరా ఆగుతూ, సముద్రం పక్కన ఒక గంట తిరిగి దిగిపోతాడు. ఒక్కణ్ణీ గుద్దడు. ఎందుకురా అని అడిగితే, "ఇక్కడ ఎవరూ టికెట్టు మీద గొడవ పడరు పెద్దమ్మా" అన్నాడు. ఆట చెడ్డదే. కుబాత్ కోసం మూడో యంత్రంలో ఉంచాలి. మూడో కుర్చీ కూడా అతనికే ఇస్తున్నాను, అతని నడుముకి అలవాటైంది.

7. బంతాట. ఏడాదికొకటి కొత్తదని తెస్తారు. పాత కోటుకి కొత్త గుండీలు కుట్టి తెచ్చినట్టు. రెండు ఆటల్ని పక్కపక్క తెరల మీద పెట్టి చూడమన్నాను, తేడా చెప్పలేకపోయారు. ఒక్కటి చాలు.

8. గుర్రపు దొంగల ఆట. దీని మీద నా మాటకు ఎదురు చెప్పే అర్హత ఈ వీధిలో ఎవరికీ లేదు, నేను నడక కంటే ముందు జీను నేర్చాను. ఆ గుర్రాన్ని చేసినవాళ్ళలో ఒక్కడైనా గుర్రం దగ్గర పెరిగినవాడు ఉన్నాడు. చెవులు తిప్పడం, చలిలో ఊపిరి ఆవిరి కావడం, ఇసుకలో వెనక కాలు జారడం, అన్నీ ఉన్నాయి. మొదటిసారి చూసి తెర దగ్గరికి కుర్చీ లాక్కున్నాను. అంతా చేసి, చెమటతో తడిసిన గుర్రాన్ని నేరుగా ఏటికి తోలి నీళ్ళు తాగించారు. తెల్లవారేసరికి కాళ్ళు పట్టుకుపోతాయి దానికి. జీను పట్టీ ఒక్కసారి కూడా వదులు చెయ్యరు. ఇంత తెలిసినవాడు అంత తెలియనివాడు ఎలా అయ్యాడో నాకు అర్థం కాలేదు. ఉంచండి. ఆడేవాళ్ళకు ఈ ముక్క మాత్రం చెప్పండి.

9. ఫోనులో పొలం ఆట. తెల్లపిల్ల జబ్బు ఇది. విత్తనం వేసిన నిమిషానికి పంట, రెండో నిమిషానికి కోత. గొర్రెలున్నాయి, ఈనవు. చలికి ఒక్క పిల్ల చావదు. కళ్ళద్దాలు ముక్కు చివరికి జారిపోయినా తెలియకుండా ఆడుతుంది, పొయ్యి మీద పాలు పొంగిపోతాయి. ఈ విషయమై ఎనిమిదేళ్ళుగా తిడుతున్నాను. మనిషికి కష్టం లేని పొలం ఒకటి ఉండాలి కదా వదినా, అంటుంది. జీవితంలో అలాంటిది తనకు ఇంకోటి లేదు గనక ఆడుకోనీ. నా కొత్త ఫోను తనకే, దాని తెర పెద్దది.

10. ఇటుకలు పడే ఆట. నేను స్వయంగా ఆడిన ఆట ఇదొక్కటే. నా భర్త బజారులో కొనిచ్చిన అరచేతి యంత్రంలో. దానికి చదువు అక్కర్లేదు. అన్నిటికంటే నిజాయితీ గలది, నువ్వు గెలుస్తావని ఎక్కడా చెప్పదు. సర్దినకొద్దీ ఇంకా పడుతుంటాయి, తర్వాత త్వరగా పడతాయి, తర్వాత చేతులకు అందవు. నేను అలసిపోయాను. ఆ యంత్రం రొట్టెలు కాల్చే అసిల్‌గుల్‌కి ఇస్తున్నాను. రొట్టెల పొయ్యి ముందు కూర్చుని ఎదురుచూసే పని ఆమెది, పనికొస్తుంది. రెండో బటను గట్టిగా నొక్కాలి.

11. ఎర్మెక్ సంగతి. వాడి పేరుకి మా భాషలో కాలక్షేపం అని అర్థం. ఈ గదిలో వాడు పెట్టాలనుకుంటున్న పందాల యంత్రాల్ని పోయి చూశాను. అక్కడ ఉన్నవాళ్ళు తలెత్తరు, ఒకరితో ఒకరు మాట్లాడరు, ఒకడు గెలిస్తే పక్కవాడు చూడడు. బొమ్మలు బాగానే ఉన్నాయి, పళ్ళు, గంటలు. అది ఆట కాదు. ఆటన్నాక ఓడినవాడు మళ్ళీ మొదలుపెట్టగలగాలి. అక్కడ ఓడినవాడు ఇంటికి పోవడానికి భయపడతాడు. పెద్ద గదిలోగానీ చిన్న గదిలోగానీ అలాంటి యంత్రం ఒక్కటి కూడా అడుగు పెట్టరాదు. ఈ షరతు ఎవరి చేతిలో గది ఉన్నా వర్తిస్తుంది.

వాణ్ణి ఉత్త చేతులతో పంపను. నా భర్త జీను, వెండి కట్టిన కొరడా, మా మామగారి గొర్రెతోలు కోటు వాడివి. మగవాళ్ళ వస్తువులు ఆ వంశంలోనే ఉండాలి. కుర్రతనంలో వాడు ఈ గదిలోనే బాంబు పెట్టే ఆట ఆడి, ఓడిన ప్రతిసారీ నా దగ్గరికి వచ్చి చెవి పట్టుకుని నిలబడేవాడు. అప్పటి ఎర్మెక్‌కి ఇస్తున్నాను. ఇప్పటివాడు తీసుకోవచ్చు.

12. వారసురాలు. ఇంతవరకు వాయిదా వేసినందుకు వెనెరా నన్ను క్షమించాలి, చేతులు నొప్పి పుడుతున్నాయంటోంది.

పేరు పలకడం నాకు ఇష్టం లేదు. మా అత్త నేర్పినవాటిలో చాలా వదిలేశాను. కొంగు దించాను, మగవాళ్ళ ముందు కాళ్ళు చాపాను, ఆమె పోయిన నలభయ్యో రోజు సంతాప భోజనంలో గట్టిగా నవ్వాను కూడా. ఇదొక్కటి మనసారా పాటించాను. పేరు పలక్కపోవడం అంటే ఆ మనిషిని ఊరికే ముట్టుకోకపోవడం. నా భర్త పేరు ఆయన పోయాక కూడా నా నోట రాలేదు. ఇప్పుడు నా మర్యాద నేను కాపాడుకుంటే తెల్లపిల్లకు ఇల్లు పోతుంది. యాభై తొమ్మిదేళ్ళు నా పిలుపుకు పలికిన మనిషిని ఆ పిలుపే వీధిలో నిలబెడుతుంది. అందుకని అంటున్నాను.

మా అత్తకు మొదట పుట్టిన ముగ్గురు ఆడపిల్లలూ దక్కలేదు. నాలుగో దానికి, ఇదైనా ఉండనీ అని అర్థం వచ్చేటట్టు పేరు పెట్టుకుంది. పైన చెప్పిన పెద్ద గది, చిన్న గది, పొయ్యి, సమోవారు, పదకొండు యంత్రాలు, మూడో కుర్చీ తప్ప మిగతా కుర్చీలు, నా తదనంతరం సర్వహక్కులతో నా భర్త చెల్లెలు తుర్సునాయ్‌కి చెందాలి. ఇంకెవరికీ ఇందులో హక్కు లేదు.

కుబాత్‌కి ఇంజను మోతతో ఒక చెవి పోయింది, వినపడలేదన్నాడు. సాక్షికి వినపడాలి గనక గట్టిగా అన్నాను. తుర్సునాయ్.

ఇది కూడా రాయి వెనెరా, కలం దించకు. వెనక గదిలో పిండి కలుపుతున్న మనిషి చేతులతో అలాగే వచ్చి గడప దగ్గర నిలబడింది. మా అందరినీ ఒకసారి చూసింది. "ఎవరొచ్చారు వదినా? నన్నెవరో పిలిచారు," అంది. ఎవరూ రాలేదు, నేనే పిలిచానని చెప్పాను. నమ్మలేదు. పిండి చేతులతోనే వీధి తలుపు తీసి, అటూ ఇటూ చూసి వచ్చింది.

2017 అక్టోబరు 19, గురువారం మధ్యాహ్నం, బాలిక్చిలో, పెద్ద గదిలో చెప్పి రాయించి, వెనెరా చదివి వినిపించగా విని, సరిగ్గా ఉందని ఒప్పుకుని వేసిన వేలిముద్ర:

బూరుల్‌కాన్ కుడిచేతి బొటనవేలి ముద్ర

సాక్షులు:
కుబాత్, బస్సు డ్రైవరు (పేరు రెండోసారికి స్పష్టంగా విన్నాను)
అసిల్‌గుల్, రొట్టెలు కాల్చే ఆమె (రెండుసార్లూ విన్నాను)

లేఖరి: వెనెరా. తిట్లు సరిదిద్దలేదు.