మల్లమ్మ వాళ్ల అత్త కోసం చేసిన డిస్కు

ఆత్మకూర్, ఆదివారం రాత్రి

ఈరోజు నా స్టూడియోకు గొర్ల కాపరి యాదయ్య భార్య మల్లమ్మ వచ్చింది. అతను చనిపోయి ఇంకా నెల కాలేదు. ఫోన్లో ఉన్న అతని మాటలు సీడీ చేసిమ్మంది.

ఖాళీ డిస్కులు ఇప్పుడు ఎక్కడా దొరకడం లేదు. చెరిపి మళ్లీ రాసుకునే పాత డిస్కు ఒకటి అరలో కనబడింది. దాన్ని తుడిచి, కంప్యూటర్లో పెట్టి, అందులో ఉన్నదంతా చెరిపేశాను.

"ఫోన్లనే వినొచ్చు గద అక్కా?" అన్నాను.

"ఫోను మా తమ్మునిది, రేపు తీస్కపోతడు. ఇంట్ల సీడీ డబ్బ ఉంది. మా అత్తకు కండ్లు కనవడవు చెల్లె. కొడుకు మందతోని కృష్ణ ఒడ్డుకు పోయిండని చెప్పిన. సీడీ పెడ్తే ఫోన్ చేసిండనుకుంటది."

రికార్డింగు పెట్టాను. ఫోన్లో యాదయ్య, "అమ్మా, తిన్నవా? జల్ది వస్త" అంటున్నాడు. ఆ వెంటనే దగ్గు.

"గా దగ్గు తీసెయ్యి. ముసల్ది ఫికర్ పడ్తది."

తీసేసి, మిగతాది డిస్కుకు ఎక్కించాను. మల్లమ్మ దాన్ని కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది.

వానలు పడితే మందలన్నీ ఇళ్లకు తిరిగొస్తాయి. అప్పుడు అత్తకు ఏం చెబుతుందో... నేను అడగలేదు.