నిండు పెట్టెలు ముందుండాలి

మార్చి 3, మంగళవారం

తోటాయన పొద్దుట్నుంచి ఆగకుండా ఫోన్లు. పూలు వారం ముందే విచ్చాయట. కాయ కట్టాలంటే తేనెటీగలు వాలాలి కదా, మా పెట్టెలు ఎల్లుండికల్లా తోటలో దించాలట. లేకపోతే ఇంకొకళ్లని చూసుకుంటాడట. పూలు ముందే విచ్చితే నన్నంటాడేం? నేనేమైనా ఊది విప్పానా?

సాయంత్రం ట్రైలర్ బయటికి లాగి చూశాను. టైర్లలో గాలి లేదు. ఎడమవైపు బ్రేక్ లైటు వెలగలేదు. వైరు ప్లగ్గు నిండా మట్టి. ఇది మా మరిది ఘనకార్యం. వాడికి హీరో అని నేనే పేరు పెట్టాను. పోయిన నెల ఫ్రెండు సోఫా మార్చాలని ట్రైలర్ పట్టుకెళ్లి, ప్లగ్గు కారుకి తగిలించకుండా రోడ్డు మీద ఈడ్చుకుంటూ పోయి, ఈడ్చుకుంటూ తిరిగొచ్చాడు. అడిగితే, పగలే కదా వదినా, లైట్లెందుకు అన్నాడు. నువ్వు బ్రేకు వేశావని వెనకాల వచ్చేవాడికి కలలో తెలుస్తుందా అన్నాను. నవ్వాడు. వాడికి ఏమన్నా నవ్వే.

ప్లగ్గు కడిగి, బల్బు మార్చి, గాలి కొట్టించుకొచ్చేసరికి నడుం పట్టేసింది.

బండి పని నాది. పోయిన వేసవిలో ఒక్క తేనెటీగ మెడ మీద కుడితే గొంతు వాచి, ఊపిరాడక ఆస్పత్రిలో పడ్డాను. ఇంకోసారి కుడితే ప్రాణం మీదికే రావచ్చని డాక్టరు చెప్పాడు. అప్పుడు మా ఆయనా నేనూ అనుకున్నాం. పెట్టెలు ఆయన ముట్టుకుంటాడు, బండి నేను తోలతాను. కుడితే పొడుచుకునే ఇంజెక్షన్ కారు డాష్‌బోర్డులో ఉంటుంది. అక్కడితో అయిపోవాలి. కానీ ఆయన అప్పట్నుంచి నన్ను గాజు గ్లాసులా చూస్తున్నాడు. అది మేము అనుకున్నదాంట్లో లేదు.

మార్చి 5, గురువారం. ఉదయం 6.30

లోడింగ్ అయింది. నిన్న చీకటి పడి ఈగలన్నీ లోపలికి చేరాక, అవి బయటికి రాకుండా ఆయన పెట్టెల మూతులకి జాలీ బిగించాడు. ఇవాళ ఒక్కొక్కటే మోసుకొచ్చాడు. నేను వంటింటి కిటికీ వెనక నిలబడి ఎక్కడ పెట్టాలో అరిచి చెప్పాను. తేనె నిండిన పెట్టెల మూతల మీద ఎర్రచుక్క పెట్టి ఉంచాను. ఎర్రచుక్కలన్నీ ఇరుసుకి ముందు, కారు వైపు. సగం ఖాళీవి వెనక. బరువు వెనక్కి పోతే ట్రైలర్ తోక ఊపుతుంది, కారుని కూడా తనతో ఊపుతుంది. ఈ సంగతి ఇంట్లో అందరికీ కంఠతా వచ్చేదాకా చెప్పాను.

ఈగలు సద్దుమణిగాక నేను బయటికి వెళ్లి ట్రైలర్ ముక్కు కింద బరువు మిషను పెట్టి చూశాను. మొత్తం బరువులో పదో వంతు, కాస్త పైనే. సరిపోయింది. అత్తయ్య తను బరువు చూసుకునే మిషను మీద ఇనుము పెట్టానని సణిగింది. ముక్కుని కారు వెనకున్న ఇనుప బాల్ మీద దించి, లాకు వేసి, పిన్ను గుచ్చి, గొలుసులు కింద అడ్డంగా ఒకదాని మీదుగా ఒకటి తగిలించాను. లైట్లన్నీ వెలిగాయి.

స్నానం చేసి, అన్నం డబ్బాలు సర్దుకొచ్చేసరికి ఆయన బెల్టులు బిగించి, పైన నెట్ కూడా కప్పేసి, చేతులు దులుపుకుంటున్నాడు. చెప్పకుండా పని చేసే మనిషి కాదే. ఇవాళ ఏం పుట్టిందో. బయల్దేరుతున్నాం.

మార్చి 6, శుక్రవారం

బతికే ఉన్నాం. ఆరు పెట్టెలు పోయాయి.

నిన్న బయల్దేరిన కాసేపటికే కారు వెనకభాగం తేలిగ్గా అనిపించింది. స్టీరింగ్ చేతికి ఆనలేదు. పక్కకి ఆపి ఒకసారి చూద్దామండీ అన్నాను. గాలి ఎక్కువగా ఉందిలే, ఎండ ఎక్కకముందే చేరాలి, పోనీ అన్నాడు. పోనిచ్చాను.

దిగుడు రోడ్డు మీద లారీ ఒకటి మమ్మల్ని దాటింది. దాని గాలికి ట్రైలర్ కొంచెం ఊగింది. తర్వాత ఇంకొంచెం. తర్వాత ట్రైలర్ అంచు ఒకసారి ఈ అద్దంలో, ఒకసారి ఆ అద్దంలో కనబడింది. ఆయన బ్రేకు, బ్రేకు అని అరిచాడు. వెయ్యలేదు. అప్పుడు బ్రేకు తొక్కితే మడతపడి బోల్తాకొడతాం. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, స్టీరింగ్ అటూ ఇటూ తిప్పకుండా తిన్నగా పట్టుకున్నాను. స్పీడు తగ్గింది, ఊపు తగ్గింది, మట్టిలోకి దిగి ఆగాం. అయితే వెనక బెల్టు తెగింది. ట్రైలర్ వెనక తలుపు ఊడి, చివరి పెట్టెలు రోడ్డు మీద పగిలాయి.

ఆ తర్వాత అద్దాలన్నీ నల్లబడ్డాయి. ఈగలు.

ఆయన నన్ను కదలొద్దని చెప్పి, ఏసీ గాలి సందులు గుడ్డతో మూసి, తన వైపు తలుపు ఇంత సందు చేసుకుని దూకేశాడు. ముసుగు ట్రైలర్లో ఉంది. ఖాళీ మొహంతో వెళ్లాడు. నేను మూసిన కారులో ఉడికిపోతూ కూర్చున్నాను. ఆయన ఫోన్ చేస్తే హీరో తన ఫ్రెండు వ్యాన్ తెచ్చి, మిగిలిన పెట్టెలు ఇంటికి చేర్చడానికి అందులోకి ఎక్కించాడు. పగిలిన చెక్కలు కూడా ఏరుకున్నారు. నేనేమీ చూడలేదు, చూడనివ్వలేదు. అంతా సర్దాక ఖాళీ ట్రైలర్ని ఇంటికి తోలుకొచ్చాను.

అత్తయ్య గుమ్మంలోనే అందుకుంది. తను ముందే అనుకుందట. ఇనుము, చక్రాలు ఆడవాళ్ల పని కాదట. హీరో, వదిన దిగుడులో స్పీడెక్కువ పోతుంది, నేనెప్పట్నుంచో చూస్తున్నా అన్నాడు. వాడు! ప్లగ్గు ఈడ్చుకొచ్చినవాడు! నేను ఆయన వైపు చూశాను. పక్క సీట్లో ఉన్నది ఆయనే కదా. స్పీడు చూసింది ఆయనే కదా. ఒక్క మాట అంటాడని చూశాను. వాచిన పెదాలు అలాగే మూసుకుని గోడవైపు తిరిగాడు.

మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికి ఒకావిడ. నాకు తోడికోడలు లేదు. ఆ లోటు మరిది తీర్చాడు.

మార్చి 7, శనివారం

ఆయన కళ్లు ఇంకా తెరుచుకోలేదు. నాకు జాలి వెయ్యలేదు.

మార్చి 8, ఆదివారం

తప్పు ఎక్కడ జరిగింది? బాల్ సరిగ్గా కూర్చుంది. పిన్ను ఉంది. గొలుసులు ఉన్నాయి. తూకం నా కళ్లతో చూశాను. స్పీడు ముసలాళ్లు సైకిల్ మీద దాటిపోయేంత. నాదే తప్పయితే నాదే అంటాను, నాకేం నామోషీ లేదు. కాని ఆ తప్పేదో కనబడాలి కదా.

మధ్యాహ్నం అన్నాల దగ్గర ఆయన ప్రకటించాడు. ఇకమీదట ట్రైలర్ హీరో తోలతాడట. నా మొహం చూసి కాదు, కంచం చూసి చెప్పాడు. నోట్లో వేలు పెడితే కొరకలేని మనిషి, నా చేతిలోంచి తాళం లాక్కోవడం మాత్రం ఎంత బాగా వచ్చిందో!

నాన్న ట్రాక్టర్ మీద తొట్టి రివర్స్ చెయ్యడం నేర్చుకున్నప్పుడు నా కాళ్లు క్లచ్చికి అందేవి కావు. ఈ ఇంటికొచ్చాక ఈ పెట్టెలు కొనిపించింది నేను. ట్రైలర్ వెల్డింగ్ చేయించింది నేను. ఈగలు నాకు దూరమయ్యాయి, సరే, ఒళ్లు పడదు. బండి కూడా పోతే ఈ పనిలో నాకు మిగిలేదేమిటి? వంటింటి కిటికీ.

మార్చి 10, మంగళవారం

ఇవాళ హీరోగారి ప్రాక్టీసు. అరుగు మీద కూర్చుని చూశాను. ఎవరూ నన్ను అడగలేదు, నేనూ లేవలేదు.

గొలుసులు తగిలించలేదు. అడిగితే లాకు ఉందిగా వదినా అన్నాడు. లాకు ఊడిన రోజు కోసమేరా గొలుసులు అన్నాను. ఊడదన్నాడు. దానితో మాట్లాడుకున్నాడు కాబోలు.

ఇక రివర్సు. ట్రైలర్ కుడికి పోవాలంటే స్టీరింగ్ ఎడమకి తిప్పాలి. వాడు కుడికి తిప్పాడు. అది ఎడమకి పోయింది. ఇంకా గట్టిగా కుడికి తిప్పాడు. అది ఇంకా ఎడమకి పోయి, కారూ ట్రైలరూ కత్తెరలా ముడుచుకుని, గేటు పక్క గోడ ఇటుకలు రాల్చాయి. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు స్టీరింగ్ టైటుగా ఉందన్నాడు. అత్తయ్య వాణ్ని కూడా మించింది. గోడ అక్కడ కట్టడమే తప్పట.

ఆయన ఇటుకలు ఏరుతూ నా వైపు చూశాడు. నేను లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాను. చప్పుడయ్యేట్టు.

మార్చి 11, బుధవారం. మధ్యాహ్నం

షెడ్డు వెనక పగిలిన పెట్టెల కుప్ప ఉంది. ఇప్పుడు దాంట్లో ఈగ లేదు, చెక్కలే. పనికొచ్చేవి ఏరదామని వెళ్లాను.

మొదటి మూత మీద ఎర్రచుక్క. రెండో మూత మీద ఎర్రచుక్క. అన్నీ తిరగేశాను. ఆరూ ఎర్రచుక్కలే.

పగిలినవి వెనక చివర ఉన్నవి. నిండువి నేను ముందు పెట్టించాను. నా కళ్ల ముందే ఆయన పెట్టాడు. తూకం అదే చెప్పింది. మరి ఇవి కాళ్లొచ్చి వెనక్కి నడిచాయా?

సాయంత్రం

ఏమీ తెలియనట్టే అడిగాను. ఎర్రచుక్కల పెట్టెలు వెనక్కి ఎలా వెళ్లాయండీ అన్నాను. ఎవరు చెప్పారు అన్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే ఏమిటో ఇన్నాళ్లకి కళ్లారా చూశాను.

తర్వాత ఆగలేదు, మొత్తం కక్కేశాడు. నేను స్నానానికి వెళ్లినప్పుడు ఆయనే మార్చాడట. ఆ పొద్దున నిండు పెట్టెలు మహా గోలగా ఉన్నాయట. అవి నా సీటు వెనకే ఉంటాయి, ఒక్క జాలీ ఊడినా ముందు నా మీదకే వస్తాయి, అందుకని వీలైనంత దూరంగా, చివరికి నెట్టాడట. నేను చూడకుండా నెట్ కప్పేశాడట. నీకోసమే చేశాను అని ఏడ్చాడు.

నాకోసమే! అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంట్లో ఈగలు పెంచేవాడు తప్ప ఇంకెవరూ చెయ్యలేని తప్పు ఇది. కుట్టే సామాను దూరంగా పెట్టాలనుకున్నాడు, అది బరువు కూడా అన్నది మరిచిపోయాడు. నన్ను బతికించడానికి ఇద్దర్నీ చంపబోయాడు. దారిలో ఆపి చూద్దామన్నాను కదా, అప్పుడైనా చెప్పొచ్చుగా! గాలట, గాలి!

బరువు మార్చినందుకు ఎప్పటికైనా క్షమిస్తానేమో. నా మీద అందరూ తలా ఒక రాయి వేస్తుంటే నోరు మూసుకుని కూర్చున్నందుకు క్షమించను. ఎందుకు చెప్పలేదంటే, నీకు కోపం వస్తుందని అన్నాడు. ఇప్పుడు చల్లగా ఉన్నాననుకున్నాడు కాబోలు. పైగా తాళం హీరోకి ఎందుకిచ్చాడో కూడా చెప్పాడు. నా డ్రైవింగ్ మీద అనుమానం లేదట. ఈ సాకుతో నన్ను ఇంట్లో ఉంచొచ్చు అనుకున్నాడట. నా మీద పడ్డ నిందని దాచుకుని వాడుకున్నాడన్నమాట.

ముసుగు లేకుండా ఈగల్లోకి దూకినవాడూ ఈయనే. నన్ను ఎక్కువ మండిస్తున్నది అదే. పూర్తిగా దుర్మార్గుడైతే హాయిగా తిట్టుకుని పడుకునేదాన్ని.

మార్చి 12, గురువారం

అన్నాల దగ్గర చెప్పమన్నాను. అత్తయ్య ముందు, హీరో ముందు, ఆయన నోటితోనే. సగం చెప్పి నీళ్లు తాగాడు. మిగతా సగం చెప్పేదాకా నేను కూర వడ్డించలేదు.

అత్తయ్య అంతా విని, పెళ్లాం మీద అంత ప్రేమ ఎవరికుంటుందమ్మా, నువ్వు అదృష్టవంతురాలివి అంది. గరిటె కింద పెట్టేశాను. చేతిలో ఉంటే ఏం చేసేదాన్నో.

అయితే మళ్లీ తోలేది ఎవరు అన్నాడు హీరో. తాళం వాడి జేబులో ఉంది. చెయ్యి చాపాను. ఇచ్చాడు. మొదటిసారి నవ్వలేదు.

మార్చి 13, శుక్రవారం

తోటాయనకి నేనే ఫోన్ చేశాను. మిగిలిన పెట్టెలు ఆదివారం పొద్దున్నే వస్తాయన్నాను. బండి ఎవరు తోలతారమ్మా అని నసిగాడు. తోలేదానితోనే మాట్లాడుతున్నారు అన్నాను.

మార్చి 14, శనివారం

ఆయన పొద్దుట్నుంచి వెనకే తిరుగుతున్నాడు. ఈ ఒక్కసారికి ఇంట్లో ఉండు, నేను నెమ్మదిగా తోలుకుపోతాను అంటాడు. వినలేదు. రేపు లోడింగ్ అప్పుడు కిటికీ వెనక కాదు, ముసుగు, చేతి తొడుగులు వేసుకుని ట్రైలర్ పక్కనే నిలబడతాను. నిండువి ముందుకే. బెల్టులు నేను లాగి చూస్తాను. నెట్ నేను కప్పుతాను. ఆ తర్వాత ఎవరూ దాని మీద చెయ్యి వెయ్యకూడదు.

నీకేమైనా అయితే అన్నాడు. నాకేమైనా అయితే, నాకు తెలిసి అవ్వాలండీ అన్నాను. నాకు తెలియకుండా నన్ను కాపాడొద్దు.

ఆయన వెళ్లి జాలీలు ఒక్కొక్కటే లాగి చూసుకుంటూ కూర్చున్నాడు.

మార్చి 15, ఆదివారం

దించేశాం. ఒక్కటీ కదల్లేదు.

దారంతా నా వీపు వెనకే హోరు. దిగుడులో ఆయన నా చెయ్యి పట్టుకోబోయాడు. రెండు చేతులూ స్టీరింగ్ మీద ఉండాలి, తియ్యండి అన్నాను.

తీశాడు.