నెమరు ముద్ద

మార్చి 9, 1987
జంగయ్య చొప్ప వాము కాలిపోయింది. అంటించింది సొంత అన్న నర్సింహ — పొలం గట్టు తగాదా. ఊరందరికీ తెలుసు, ఒక్కరూ నోరు విప్పరు. అడ్డుపడబోయిన జంగయ్య నుదురు పగిలింది. నేను పశువుల డాక్టర్నయ్యా అంటే వినడు. "తోలు తోలే గద సారూ, కుట్టు." నాలుగు కుట్లు వేశాను.

మార్చి 11
మేత లేక జంగయ్య ఎద్దు పలుపు తెంపుకుంది. కల్లంలో జొన్నల రాశి మీద పడి మెక్కింది.

మార్చి 12
కడుపు ఉబ్బి కూలబడింది. పళ్లు నూరుతోంది. నోట్లో పులిసిన కంపు. నెమరు లేదు. తినే సోడా నీళ్లలో కలిపి తాగించాను... లాభం లేదు.
చొప్పను అరిగించేది ఎద్దు కాదు, దాని కడుపులో కాపురముండే సూక్ష్మజీవులు. జొన్నలు పులిసి వాటిని చంపేశాయి. మంచి ఎద్దు నోట్లోంచి నెమరు ముద్ద తెచ్చి దీని గొంతులో వేయాలి. కరువుకు ఎడ్లన్నీ సంతకు పోయాయి. మిగిలింది నర్సింహది. దీని జోడీయే — పంపకాల్లో విడదీశారు.

మార్చి 13
వెళ్లి అడిగాను. "నెమరు ఇస్తె నా ఎద్దు సత్తువంత పోతది. నడువు సారూ."
ఎదురుగానే నెమరేస్తోంది. నాకు ఒళ్లు మండింది. దవడ పట్టి చెయ్యి పెట్టేశాను. నర్సింహ కర్ర కుడి మోచేతి మీద, తర్వాత వీపు మీద. ముద్ద మాత్రం వదల్లేదు. గుడ్డలో చుట్టుకొని దొంగలా పరుగెత్తాను.

మార్చి 14
ఎడమ చేత్తో రాస్తున్నాను. ముద్ద గొంతులో వేశాక జంగయ్య ఎద్దు చెవులు కదిలించింది.
కానీ కొత్తగా వచ్చిన సూక్ష్మజీవులకు తిండి కావాలి. గింజ కాదు, పీచు. చొప్ప. జంగయ్యతో అనేశాను — రేపటికి చొప్ప పడకపోతే అవి చస్తాయి, వాటి వెనకే ఎద్దు.
ఊళ్లో చొప్ప ఉన్నది ఒక్క నర్సింహ దొడ్లోనే. జంగయ్య కొడవలి నూరుతూ కూర్చున్నాడు. అతని భార్య అలివేలు నన్ను చూసి, "గట్లెందుకు చెప్తివి సారూ..."
నోరు మూసుకోవలసింది.

మార్చి 15
పొద్దున్నే చొప్ప మోపు తెచ్చి పడేశాడు. ఒక పక్క ఎర్రగా తడిసింది. జంగయ్య ఒంటి మీద కొత్త గాటు లేదు.
ఎవరి నెత్తురని అడిగాను.
"ముందుగాల ఎద్దుకెయ్యి సారూ. మల్ల అడుగు."
తడవని చొప్ప ఏరి ముట్టె దగ్గర పెట్టాను. నమిలింది. మింగింది.
నర్సింహ ఇంటి వైపు నుంచి ఆడవాళ్ల ఏడుపు. వెళ్లాలి. నేనింకా ఎద్దు గొంతు వైపే చూస్తున్నాను, ముద్ద పైకి వస్తుందా అని.