స్నానం చేయించే చేతులు

స్టీన్‌క్లూఫ్, కరూ,
9 ఆగస్టు 1981.

షేవాకి,

నువ్వూ మీ ఆయనా కేప్‌టౌన్‌లో చల్లగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ నేను ఉన్నాను. నా చేతిరాత చూడగానే ముఖం చిట్లిస్తావని తెలుసు. అయినా చివరిదాకా చదువు.

మన సినగాగ్ మూసేస్తున్నారే. వచ్చే నెల మన యూదుల కొత్త సంవత్సరం ప్రార్థన అయ్యాక తాళాలు మునిసిపాలిటీ చేతిలో పెడతారు. మ్యూజియం చేస్తారట. లిథువేనియా నుంచి కట్టుబట్టలతో వచ్చిన మన తాతలు, నిప్పుకోడి ఈకలు అమ్మి కట్టుకున్న మందిరం అది. ప్రార్థన జరగాలంటే పదిమంది మగవాళ్లుండాలి, ఊళ్లో అంతమంది లేరు. మొన్న ముసలి అబ్రాషా, దేవుణ్ణి కూడా ఒకడిగా లెక్కేసుకుందాంరా, ఎలాగూ వస్తాడుగా అన్నాడు. దానికి కసాయి మోటెల్, ఆయనా కేప్‌టౌన్ వెళ్లిపోయి చాలా కాలమైంది లేవయ్యా అన్నాడు. అందరం నవ్వాం.

నా దిగులు ఇంకొకటి. మన ఆడవాళ్లెవరు పోయినా స్నానం చేయించి తెల్లబట్ట తొడిగింది నువ్వూ నేనే. మగవాళ్లు ముట్టుకోకూడదు. ఇప్పుడు ఊళ్లో ఆ పని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. మరి నాకెవరు చేయిస్తారు?

మా అమ్మ పోయిననాడు నువ్వు నాలుగిళ్ల అవతలే ఉన్నావు. సినగాగ్‌లోని మన పవిత్ర తోరా గ్రంథాన్ని కేప్‌టౌన్‌కి ఇచ్చేద్దామని మీ ఆయన, చస్తే ఇవ్వనని నేను పోట్లాడుకున్న రోజులు. మనకి మాటల్లేవు. అయినా కబురు పంపాను. ఒంట్లో బాగోలేదని చెప్పించావు. కన్నకూతురు తల్లిని కడగకూడదంటారు. నేనే కడిగాను, షేవా. ఒక్కదాన్నే అమ్మని పక్కకి తిప్పలేక, ఆవిడ మీదే తలపెట్టి ఏడ్చాను. అప్పట్నుంచీ నీ పేరెత్తితే చాలు, ఇంతెత్తున లేచేదాన్ని.

ఇప్పుడు లేవడానికి ఓపిక లేదు. ఆఖరి ప్రార్థనకి రా. మేడమీద ఆడవాళ్ల వరసలో నీ చోట ఇన్నాళ్లూ ఎవర్నీ కూర్చోనివ్వలేదు. దెబ్బలాడాలనుంటే భోజనాలయ్యాక తీరిగ్గా దెబ్బలాడుకుందాం.

నీ
హిండా

తా.క. నేను ఆఖరి ప్రార్థన దాకా ఉండను. డాక్టరు దాచకుండా చెప్పేశాడు. నువ్వు రావలసింది సినగాగ్ కోసం కాదు. అబ్రాషా ఫోన్ చేయగానే బయలుదేరు. కడిగాక, పోయినవాళ్లని పేరు పెట్టి పిలిచి, మా వల్ల తప్పు జరిగితే క్షమించమని అడుగుతాం కదా. నా దగ్గర ఆ మాట అడగొద్దు. ఎప్పుడో క్షమించేశాను. నీళ్లు మాత్రం గోరువెచ్చగా పెట్టు, ఇక్కడింకా చలి తగ్గలేదు.